ఒక్కరోజు కూడా అనిపించలేదు

ఆ పిల్లను చిన్నప్పటి నుంచి అందరూ బొమ్మాయి అనే పిలిచేవారు. మాటలు సరిగా రాకముందే గోడల మీద బొమ్మలు గీసింది. గోడలు అయిపోయాక పాత క్యాలెండర్ల వెనక గీసింది, అవీ అయిపోయాక నిద్రపోతున్న తండ్రి వీపు మీద గీసింది. ఇంటికొచ్చిన చుట్టాలందరూ ఆ గీతలు చూసి, "దీన్ని ఇళ్ల డిజైన్లు గీసే చదువుకి పంపండి" అనేవారు. అన్నవాళ్లలో ఒక్కరూ ఆ చదువు చదివినవాళ్లు కారు. చదివినవాళ్లను ఎరిగినవాళ్లూ కారు. అయినా పదిమంది పదిసార్లు అన్న మాట కాబట్టి అదే నిర్ణయమైపోయింది. బొమ్మాయి ఆర్కిటెక్చరులో చేరింది.

మొదటి ఏడాది ఒకసారి రెండంతస్తుల ఇంటికి మెట్లు గీసి పట్టుకెళ్లింది. పక్క కిటికీలోంచి ఎండ పడుతోంది. మూడో మెట్టు మీద పిల్లి ఒకటి ఒళ్లు విరుచుకుంటోంది. మాస్టారు ఆ పిల్లిని కాసేపు మెచ్చుకున్నాడు. తర్వాత స్కేలు పెట్టి కొలిచి, "ఈ మెట్లు పిల్లి ఎక్కుతుంది. మనిషి ఎక్కితే పైదూలం నడినెత్తిన తగుల్తుంది" అన్నాడు. గదంతా నవ్వింది. బొమ్మాయి కూడా నవ్వింది. ఆ తర్వాత బరువుల లెక్కలు వచ్చాయి, మురుగు గొట్టాల వాలు వచ్చింది, పునాదులు వచ్చాయి. ఆమెకు ఇంట్లో కూర్చున్న మనుషుల్ని గీయడం ఇష్టం, వాళ్ల మీద కప్పు కూలకుండా చూడడం కాదు. ఈ సంగతి ఆమెకు చేరాకే తెలిసింది. ఒక పని ఆలస్యమైంది, దాని వెనక ఇంకోటి. మాస్టారి మొహం చూడలేక ఒకరోజు వెళ్లలేదు. మర్నాడు వెళ్లడం అంతకంటే కష్టమైంది. రెండో ఏడాది సగంలో ఆమె పేరు కొట్టేశారు.

ఇంటికి తిరిగొచ్చే మొహం లేక ఆ నగరంలోనే కర్టెన్ల దుకాణంలో పనికి కుదిరింది. కిటికీలు గీయడానికి వెళ్లిన పిల్ల చివరికి కిటికీలకు గుడ్డలు కొలిచే దగ్గర తేలింది. ఇళ్లకు వెళ్లి, స్టూలెక్కి, టేపు పట్టి, అంచు నేలకు తగలాలా తేలాలా అని అడిగి రాసుకునేది. ఎన్ని కుచ్చులు పెడితే ఎంత గుడ్డ పడుతుందో కొద్ది నెలల్లోనే చూపుతో చెప్పగలిగింది. పని బాగానే ఉండేది. వారానికోసారి తల్లికి ఫోన్ చేయాల్సిన పూటే బాగుండేది కాదు.

మొదట "పరీక్షలు బాగా రాశాను" అంది. తర్వాత తల్లి ఫీజు పంపిస్తానంటే వద్దనడానికి కారణం కావాల్సి వచ్చింది. "స్కాలర్‌షిప్ వచ్చిందమ్మా, ఇక పంపక్కర్లేదు" అంది. ఆ ఒక్క అబద్ధమూ తల్లి మేలు కోరే చెప్పానని సర్దుకుంది. అన్నిటికంటే దూరం పాకింది అదే.

తల్లి తమ ఊరి బళ్లో లైబ్రరీ చూసుకునేది. పిల్లలు ఆమెను లైబ్రరీ టీచరు అనేవారు. తండ్రి ఓడలో వంటవాడు, ఏడాదిలో ఎక్కువ భాగం నీళ్ల మీదే ఉంటాడు. కాబట్టి సంతోషమొస్తే ఆమె చెప్పుకోవడానికి ఇంట్లో మనిషి లేడు, స్టాఫ్ రూమే గతి. స్కాలర్‌షిప్ మాట విన్న రోజున అక్కడ అందరికీ కాఫీ తెప్పించింది.

బొమ్మాయి సెలవు పెట్టి ఇంటికొచ్చిన వారమే ఆ బళ్లో చివరి తరగతి పిల్లలకు ఒక కార్యక్రమం పెట్టారు. ఏ డిగ్రీ చదవాలో తేల్చుకోలేని పిల్లలకు, చదువుతున్నవాళ్లూ చదివినవాళ్లూ వచ్చి చెప్పాలి. హెడ్ మేడం అడగ్గానే తల్లి కూతురి పేరిచ్చేసింది.

"నాకు ఒంట్లో బాగాలేదమ్మా" అంది బొమ్మాయి.

"పది నిమిషాలు మాట్లాడ్డానికి ఒళ్లెందుకు, నోరు చాలు. ఇప్పుడు రానంటే నా పరువేం కాను?" అని తల్లి ఆమె చొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది.

వేదిక మీద బొమ్మాయికి ఒకవైపు పళ్ల డాక్టరు, ఇంకోవైపు బ్యాంకు ఆఫీసరు కూర్చున్నారు. రెండు ముక్కలు చెప్పి కూర్చుందామనే లేచింది. కానీ గది చివర, తలుపు పక్కన, తల్లి నిలబడి ఉంది. కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. ఆ మొహం చూశాక బొమ్మాయి నోట మాటలు వాటంతటవే వచ్చాయి. తెల్ల కాగితం మీద మొదటి గీత గీసినప్పుడు ఎలా ఉంటుందో చెప్పింది. పొద్దున్న ఎండ ఏ గదిలోకి రావాలో నిర్ణయించే పని ఎంత గొప్పదో చెప్పింది. మనం పోయాక కూడా మనం గీసిన గుమ్మంలోంచి మనుషులు లోపలికీ బయటికీ తిరుగుతుంటారంది. పళ్ల డాక్టరు కూడా ఆమె వైపు తిరిగి విన్నాడు. మాట్లాడినంతసేపూ తాను అచ్చం ఆ మనిషేనని ఆమెకే అనిపించింది.

చివర్లో ప్రశ్నలు అడగమన్నారు. వెనక వరసలోంచి సన్నగా పొడుగ్గా ఉన్న పిల్ల లేచింది. బడంతా ఆమెను రాళ్లపిల్ల అంటుంది. ఎక్కడికి వెళ్లినా జేబులో రాయి వేసుకుని వస్తుంది, భూగర్భశాస్త్రం చదువుతానని ఆరో తరగతి నుంచీ చెబుతోంది.

"మీకు ఎప్పుడైనా, ఈ చదువు తప్పు ఎంచుకున్నానేమో అని అనిపించిందా?" అని అడిగింది.

"లేదు" అంది బొమ్మాయి. "ఒక్కరోజు కూడా అనిపించలేదు."

చప్పట్లు కొట్టారు. తల్లి రెండు చేతులూ పైకెత్తి మరీ కొట్టింది.

రెండు రోజుల తర్వాత అన్నం తింటూ తల్లి మురిసిపోతూ చెప్పింది. "రాళ్లపిల్ల లేదూ, రాళ్లు వదిలేసిందట. మొదటి ఎంపికగా నీ చదువే పెట్టుకుంటానని మేడంతో అంది. నెలాఖరుకి ఖాయం చేయాలి. ఆరేళ్ల పట్టు, నీ పది నిమిషాల మాటతో పోయింది."

బొమ్మాయి ముద్దను కంచంలోనే వదిలేసింది. నీళ్లు తాగింది. తల్లి ఇంకా ఏదేదో చెబుతూనే ఉంది. ఇన్నాళ్లూ తన అబద్ధం తననే తింటోందనుకుంది బొమ్మాయి. తన కంచం తనదే, తన కడుపు మంట తనదే. ఇప్పుడు ఏమీ ఎరుగని ఒక పిల్ల వచ్చి అదే పీట మీద కూర్చోబోతోంది.

మర్నాడు మధ్యాహ్నం రాళ్లపిల్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. నిజం చెప్పాలని కాదు. ఎలాగో ఆ పిల్ల మనసు తిప్పేసి, తన సంగతి బయటపడకుండా తిరిగి రావాలనే వెళ్లింది. నాయనమ్మ తలుపు తీసింది.

"నువ్వేనా ఆ అమ్మాయివి? రా తల్లీ, చల్లగా ఉండు. ఈ ఇంట్లో చీపురు నేలకి తగిలి ఎన్నేళ్లయిందో. మంచం కింద రాళ్లే, కిటికీలో రాళ్లే. పోయినేడు బియ్యం డబ్బాలో కూడా ఒకటి దొరికింది. మొన్న మొత్తం పెట్టెలోకి సర్దేసింది."

గదిలో బల్ల ఖాళీగా ఉంది. రాళ్లు ఉన్న చోట్ల దుమ్ము పట్టని గుండ్రటి మచ్చలు కనిపిస్తున్నాయి. బల్ల మీద కొత్త పెన్సిళ్లు, పెద్ద కాగితం. కాగితం మీద ఒక ఇల్లు. తలుపుకి రెండు పక్కలా రెండు కిటికీలు, పైన త్రికోణం కప్పు. ఒకటో తరగతి పిల్లలు గీసే ఇల్లే, కాకపోతే స్కేలు పెట్టి గీసింది.

"బాగుందా అక్కా?" అంది రాళ్లపిల్ల సిగ్గుపడుతూ. "మీలా రాదనుకోండి. రోజూ గీస్తే వస్తుంది కదా?"

"బాగుంది" అంది బొమ్మాయి. మళ్లీ అబద్ధమే. "అయినా ఇంకొక్కసారి ఆలోచించుకోకూడదా? నీకు రాళ్లంటే అంతిష్టం కదా" అంది.

ఆ పిల్ల మొహంలో వెలుగు తగ్గింది. "బొమ్మ చూశాక అంటున్నారు కదూ."

"అది కాదు."

"పర్లేదక్కా. నాకు రాదని నాకూ అనుమానమే. మీరు రాసిపెట్టి పుట్టినవాళ్లు, ఒక్కరోజు కూడా అనిపించలేదన్నారు. నాకేమో ఏం తలుచుకున్నా రోజుకి పదిసార్లు అనుమానం వస్తుంది. రాళ్ల మీద కూడా వస్తుంది. అనుమానం వచ్చిందంటే అది నాది కాదేమో అని..." అంటూ కాగితాన్ని సగానికి మడిచింది. ఆ సగాన్ని మళ్లీ మడిచింది.

ఆ మడతలు పడుతుంటే బొమ్మాయికి కూర్చోబుద్ధి కాలేదు. తాను ఈ పిల్లకు రెండోసారి ద్రోహం చేస్తోంది, అదీ ఆమె ఇంట్లో కూర్చుని, ఆమె నాయనమ్మ ఇచ్చిన నీళ్లు తాగుతూ.

"నేను ఆ చదువు చదవట్లేదు" అంది. "మానేశాను. ఏడాది దాటింది. నా పేరు కొట్టేశారు. కర్టెన్ల దుకాణంలో పనిచేస్తున్నాను. మా అమ్మకి కూడా తెలీదు."

నాయనమ్మ వంటగదిలోంచి వచ్చి గుమ్మంలో ఆగింది.

"మరి మొన్న అంతమందిలో చెప్పింది?" అంది రాళ్లపిల్ల.

"అబద్ధం."

"మొత్తమా?"

"ఎండ గురించి, గుమ్మాల గురించి చెప్పింది నిజంగానే అనుకుంటాను. నీకు చెప్పిన జవాబు మాత్రం మొత్తం అబద్ధం. నాకు మొదటి నెల నుంచే రోజూ అనిపించింది."

రాళ్లపిల్ల ఆమె వైపు చూడలేదు. మడిచిన కాగితాన్ని బల్ల మీద పెట్టి అరచేత్తో నొక్కి పట్టింది. "అందరూ ఏదో ఒకటి అడుగుతున్నారు కదా అని అడగలేదక్కా నేను. వారం నుంచి లోపల నలుగుతున్న మాట అది. లేచి అడగడానికి నాకు కాళ్లు వణికాయి. మీరు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చెప్పేశారు."

నాయనమ్మే నోరు తెరిచింది. "అయితే ఆ రాళ్లు మళ్లీ బయటికొస్తాయా ఏంటి?" అంది. ఎవరూ నవ్వలేదు.

వీధిలోకి వచ్చాక బొమ్మాయి తిన్నగా బడికే నడిచింది. చిన్న ఊరు. ఈ మాట సాయంత్రానికల్లా తల్లి చెవిన పడుతుంది. ఎవరి నోటో వినేకంటే తన నోట వినడం నయమనుకుంది. ఇంకో కారణమూ ఉంది. ఒకసారి చెప్పాక ఆ నోరు ఇంకా మూతపడలేదు, మూతపడేలోపే చెప్పెయ్యాలి.

తల్లి లైబ్రరీలో పాత పుస్తకాలకు ఊడిన అట్టలు అంటిస్తోంది. వేళ్లకు బంక. కూతురు ఎదురుగా నిలబడి చెప్పింది. తల్లి చెయ్యి ఆగలేదు. ఒక పుస్తకం పూర్తి చేసి, దాని మీద బరువు పెట్టి, ఇంకోటి తీసుకుంది.

"స్కాలర్‌షిప్?" అంది అప్పుడు.

"అదీ లేదమ్మా."

"తిండి?"

"దుకాణంలో ఇచ్చే జీతంతో. సరిపోతుంది."

ఒక చిన్న పిల్లవాడు వచ్చి జంతువుల పుస్తకం కావాలన్నాడు. "కింద అరలో, ఎడం పక్క" అంది తల్లి, ఎప్పటి గొంతుతోనే. వాడు వెళ్లేదాకా ఆగి, తల ఎత్తకుండా మాట్లాడింది.

"చదువు తప్పడం ఎవరికైనా ఉంటుంది. దానికి నేను ఏడ్చినా రెండ్రోజులు ఏడ్చేదాన్ని. నేను ఊరంతా తిరిగి గొప్పలు చెప్పుకుంటుంటే చూస్తూ ఊరుకున్నావు చూడు, అదీ. ఫోన్లో నేను మురుస్తుంటే నువ్వు అటువైపు ఏం చేసేదానివి? నవ్వుకునేదానివా?"

"లేదమ్మా. పెట్టేశాక మొహం కడుక్కునేదాన్ని."

తల్లి వేళ్లకంటిన బంకను గిల్లుకుంది. తర్వాత, "హెడ్ మేడం గదిలో ఉంది. వెళ్లి చెప్పు. ఆ రోజు ఎంతమంది పిల్లలు విన్నారో అంతమందికీ మళ్లీ నువ్వే చెప్పాలి. నేను మాత్రం రాను. ఒకసారి నిలబడి విన్నది చాలు" అంది. "మీ నాన్నకి కూడా నువ్వే చెప్పు. నాతో చెప్పించకు."

మర్నాడు వేదిక లేదు, మైకు లేదు. తరగతి గదిలో నల్లబల్ల ముందు నిలబెట్టి హెడ్ మేడం పక్కకు తప్పుకుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో బొమ్మాయికి తెలియలేదు. మొన్న ధారగా వచ్చిన మాటలు ఈసారి ఒక్కొక్కటే, తోడితే వచ్చినట్టు వచ్చాయి. మానేశానని చెప్పింది, దాచానని చెప్పింది, ఎక్కడ పనిచేస్తోందో చెప్పింది. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు.

"అయితే అక్కా, కర్టెన్ల దుకాణానికి ఏ డిగ్రీ కావాలి?" అని ఒకడు అడిగాడు. గది గొల్లుమంది.

"డిగ్రీ అక్కర్లేదు. కొలత తప్పకపోతే చాలు" అంది బొమ్మాయి. "నేను డిగ్రీలో తప్పింది కూడా అదే."

నవ్వు కొంచెం మారింది. ఆమెకు మొహం మండిపోతూనే ఉంది, కానీ కాళ్లు నిలబడ్డాయి.

"నేను బొమ్మలు బాగా గీస్తానని అందరూ అన్నారు, అది నిజమే" అంది. "కానీ ఆ చదువులో పొద్దున్నుంచి సాయంత్రందాకా ఏం చేస్తారో నేనెవర్నీ అడగలేదు. డిగ్రీ పేరు చూసి చేరాను. మీరు పేరు చూడకండి, అందులో ఒక మామూలు రోజు చూడండి. ఆ తరగతి వెనక బెంచీలో ఒక పూట కూర్చోనివ్వమని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. విసుగొచ్చే పని ఏంటో కనుక్కోండి. ఆ విసుగు మీరు పడగలరా లేదా చూసుకోండి. బాగా చదివినవాళ్లనే కాదు, మధ్యలో మానేసినవాళ్లని కూడా అడగండి. వాళ్లని ఎవరూ ఇలా పిలవరు, మీరే వెతుక్కోవాలి. చేరాక తప్పనిపిస్తే ఇంట్లో చెప్పండి. మొదటి వారం చెప్తే తిడతారు. ఏడాది దాచి చెప్తే..." అని ఆగిపోయింది.

"మరి మీరెందుకు చెప్పలేదు?" అని ముందు బెంచీలో పిల్ల అడిగింది. ఎగతాళికి కాదు.

"సిగ్గేసింది. రేపు చెప్దామనుకున్నాను. రేపటికి సిగ్గు ఇంకాస్త పెరిగేది."

ఆ తర్వాత చేతులు చాలానే లేచాయి. తక్కువ మార్కులతో ఏం చేయాలని, నాన్న పట్టుబడితే ఏం చెప్పాలని, మధ్యలో మారొచ్చా అని అడిగారు. కొన్నిటికి తెలిసింది చెప్పింది, కొన్నిటికి తెలీదని చెప్పింది. రాళ్లపిల్ల గోడ పక్కన కూర్చుని బల్ల అంచు గీరుతూ ఉంది. ఏమీ అడగలేదు. గంట కొట్టగానే అందరికంటే ముందు వెళ్లిపోయింది.

బొమ్మాయి నగరానికి తిరిగొచ్చి పనిలో పడింది. తండ్రికి ఫోన్లో చెప్పింది. అటువైపు గిన్నెల చప్పుడు ఆగాక, "ఆరోగ్యం బాగుందా?" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

నెలాఖరు ఇంకా కొద్ది రోజులుందనగా ఒక పొద్దున్న దుకాణం గుమ్మంలో రాళ్లపిల్ల, వెనకే ఆయాసపడుతూ నాయనమ్మ కనిపించారు.

"ఒక పూట చూడమన్నారుగా. చూపించండి" అంది రాళ్లపిల్ల. అక్కా అనలేదు.

నాయనమ్మ అప్పటికే స్టూలు లాక్కుని కూర్చుంది. "మీరెళ్లి రండి. నాకు మోకాళ్లు లేవు. ఈ పచ్చగుడ్డ ఏంటమ్మా, ఇంత మెత్తగా ఉంది?" అని చుట్టలు తడమడం మొదలుపెట్టింది.

కాలేజీ ఆ దుకాణానికి ఎంతో దూరం కాదు. ఏడాదికి పైగా బొమ్మాయి ఆ వీధి తప్పించుకుని చుట్టుతిరిగి వెళ్లేది. ఇప్పుడు గేటు దాటి, మెట్లెక్కి, స్టూడియో తలుపు తోసింది. అదే జిగురు వాసన, అవే అట్టముక్కలు, అవే నిద్రలేని కళ్లు. ఆమెతో చేరినవాళ్లు ముగ్గురు కిటికీ దగ్గర ఉన్నారు. ఒకరి తర్వాత ఒకరు ఆమెను చూశారు, చూడనట్టు తలలు తిప్పుకున్నారు. అది మర్యాదకే చేశారని తెలుసు. అయినా గుచ్చుకుంది.

మాస్టారు కళ్లజోడు సర్దుకుని, "నువ్వు... పిల్లి అమ్మాయివి కదూ?" అన్నాడు. పేరు ఆయనకు గుర్తులేదు. "ఇప్పుడెక్కడ చేరావు?"

"కర్టెన్ల దుకాణంలో సార్."

"ఓహో" అని, ఆయన ఏమనాలో తోచక కాగితాలు సర్దాడు. బొమ్మాయి రాళ్లపిల్లను చూపించి, ఒక పూట కూర్చోనివ్వమని అడిగింది. ఆయన తలూపాడు.

రాళ్లపిల్ల వెనక స్టూలు మీద కూర్చుని, ఇద్దరు విద్యార్థులు ఒక వరండా వెడల్పు గురించి వాదించుకోవడం మొదటి నుంచి చివరి దాకా చూసింది. ఒకసారి ఆవలించింది. ఒకసారి ముందుకు వంగి వింది. ఆ వాదన తేలలేదు.

మధ్యాహ్నం పక్క భవనంలో భూగర్భశాస్త్రం ప్రయోగశాలకు వెళ్లారు. పొడుగాటి బల్లల మీద ట్రేలు, ట్రేలలో తడి రాళ్లు, ఒక మూల రాయి కోసే యంత్రం చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. అక్కడి లెక్చరరు ఒక ముక్క చేతికిచ్చి ఏం కనిపిస్తోందని అడిగింది. రాళ్లపిల్ల మొదట తప్పు చెప్పింది. ఆవిడ కాదంది. రాళ్లపిల్ల ముక్కను తడిపి, వెలుగుకు తిప్పి, మళ్లీ చెప్పింది. మళ్లీ తప్పే. మూడోసారి చూడ్డానికి కుర్చీ లాక్కుంది. గుమ్మం దగ్గర నిలబడ్డ బొమ్మాయి సంగతి మర్చిపోయింది.

తిరిగి వస్తుంటే బొమ్మాయి ఉండబట్టలేక, "ఏమనుకుంటున్నావు?" అని అడిగింది.

"ఇంటికెళ్లి నాన్నతో మాట్లాడతాను" అంది రాళ్లపిల్ల. కాస్త దూరం నడిచాక, "మీరు ఆ గదిలోకి రావడం కష్టమే కదా" అంది.

"కష్టమే."

"చూశాను" అంది ఆ పిల్ల. క్షమించానన్నట్టు కాదు, చూసిన సంగతి చెప్పినట్టు అంది.

రాళ్లపిల్ల రాళ్ల చదువే ఖాయం చేసుకుందని బొమ్మాయికి తర్వాత తల్లి ఫోన్లో చెప్పింది. అది కూడా కరెంటు బిల్లు గురించి చెప్పినంత పొడిగా. ఇప్పుడా ఫోన్లు పొట్టివి. తల్లి స్టాఫ్ రూములో కూర్చోవడం మానేసి లైబ్రరీలోనే అన్నం తింటోందని ఎవరో చెప్పగా తెలిసింది.

ఆ తర్వాత సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ఒక సాయంత్రం పెద్దమ్మ ఫోన్ చేసింది. బొమ్మాయి పక్కగదిలో బట్టలు మడతపెడుతోంది. పెద్దమ్మ గొంతు పెద్దది, అటువైపు మాట గోడ దాటి వినిపించింది. "ఇంకెన్నాళ్లే దాని చదువు, అయిపోవస్తోందా?"

బొమ్మాయి చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది.

"చదవట్లేదక్కా" అంది తల్లి చివరికి, గొంతు తగ్గించి. "మానేసింది. పనిచేస్తోంది." పెద్దమ్మ ఏదో అంది. "కర్టెన్ల దుకాణంలో" అంది తల్లి. ఆ మాట ఇంకా తగ్గించి అంది. ఆ వెంటనే గొంతు పెంచి, "నీ మోకాలి నొప్పి ఎలా ఉంది?" అని అడిగింది.

బొమ్మాయి చొక్కా మడత పూర్తి చేసి, ఇంకోటి తీసుకుంది.